ఆరోగ్యాధికారులకు ఒక మనవి
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

నేటి సభకు నగర ఆరోగ్యశాఖవారు దయచేసియున్నారు గనుక, మహామారులను గూర్చి వారితో కొన్ని మాటలు చెప్పుకొనదలచినాము.

1896లో మన ముంబయిలో ప్లేగు పొడచూపెను. మరుసటి ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసెను. పుణేలో ర్యాండు అను అధికారి సైనికులచే ఇండ్లు సోదా చేయించెను. వారు వంటయిండ్లలోను, పూజగదులలోను జొరబడిరని జనులు మొరపెట్టిరి. ప్లేగుకన్న సైనికునకే వెరచి రోగులను దాచిరి. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండును కాల్చిరి.

ఆ యేడే, ఆ పుణేలోనే, సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవచేయుచు, ఆ వ్యాధియే సోకి మార్చి 10న కన్నుమూసిరి. ఆమె ఉపాధ్యాయిని, మా వృత్తివారని చెప్పుకొనుట మాకు గర్వము. ఆమె చేతిలో చట్టము లేదు, తుపాకియు లేదు.

2020లో కోవిడు వచ్చినపుడు ఆ 1897 నాటి చట్టమునే మరల వెలికితీసిరి. మా పేటకు వచ్చిన కరపత్రములు మూడు భాషలలో నుండెను, తెలుగున లేవు. మిల్లులో ముప్పదియేండ్లు పనిచేసిన ఒక తాతగారు జ్వరమును ఐదుదినములు దాచిరి. తీసికొనిపోయినవారిని తిరిగి పంపరని ఎవరో వారికి చెప్పిరట. ఆరవదినమున మనుమరాలు మాకు ఫోను చేసెను. అప్పటికి మించిపోయినది. ఆమె మా పూర్వవిద్యార్థిని. ఆమె అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాము. ఆ పిదప ఉపాధ్యాయులము కరపత్రమును తెనిగించి, వంతులు వేసికొని ఇంటింటికి ఫోనులో చదివి వినిపించితిమి. ముందే చేయవలసినది. ఆ లోపము మాదియు.

ఈ నగరముననే ధారావి యున్నది. అచట మొదటి రోగి ఏప్రిల్ 1న బయటపడెను. రెండున్నర చదరపు కిలోమీటర్లకు మించని చోట లక్షల జనము, ఒకే గదిలో ఎనమండుగురు, పదుగురు, మరుగుదొడ్లు ఉమ్మడివి. అట్టివారిని ఇంటిలోనే వేరుగా నుండుడనుట పరిహాసమే యగును. కార్పొరేషనువారు రోగి తమకడకు వచ్చువరకు ఆగక, పేటలోని ప్రైవేటు వైద్యులను వెంటబెట్టుకొని గడపగడపకు పోయిరి. పాఠశాలలను విడుదులుగా మార్చి, అచటనే భోజనము పెట్టిరి. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కృషిని మెచ్చుకొనెను. పిల్లవాని దగ్గునకు మందిచ్చు డాక్టరే గుమ్మమున నిలిచినచో తలుపు మూయువారెవరు?

అయ్యా, మరల అట్టి కాలము వచ్చినపుడు తెలుగు పత్రము కొరకు మీరు వెదుకనక్కరలేదు. ఏ ఉపాధ్యాయుడు ఏ వీధివారిని ఎరుగునో, వారి ఫోను నంబర్లతో జాబితా వ్రాసియుంచినాము. సభ ముగియగానే తమ చేతికిచ్చెదము.