రాచపుండు గుఱుతులు – వాని పరిశోధనలను నివేదించు రీతి



మన సంఘమువారు వైద్యవిద్యార్థుల పరిశోధనలకై యొక నిధిని నెలకొల్ప నెంచినారని విని మిగుల సంతసించితిమి. ద్రవ్యమొసగుటకు ముందొక షరతు విధింపవలయునని విన్నవించుటకే నేడు నిలిచితిమి.

రాచపుండు కలదో లేదో, కలిగినచో నెట్టి గతి పట్టునో తెలుపు గుఱుతులను రక్తమునందును కణితియందును వెదకుదురు. వీనినే బయోమార్కరులందురు. తర్కము చదివినవారికిది క్రొత్త గాదు. పొగ నిప్పునకు లింగము. వంటయింట రెండును గూడియుండుట చూపిన జాలదు. నిప్పులేని మడుగున పొగయు లేదని చూపవలయును.

మా చెల్లెలికి కడుపుబ్బి, రక్తమున సి.ఏ. 125 అను గుఱుతు మిక్కిలి హెచ్చినది. అండాశయమున రాచపుండని యిల్లంతయు శోకించితిమి. తుదకది కడుపులోని క్షయయని తేలినది. మందులతో స్వస్థురాలైనది. క్షయయందును ఈ గుఱుతు హెచ్చునని పూర్వ పరిశోధకులు దాచక వ్రాసియుండుటచేతనే గదా వైద్యుడు సందేహించి మఱల పరీక్షించెను!

అందఱు నట్లు వ్రాయరు. రోగగతిని దెలుపు గుఱుతులపై 2005లో వెలువడిన 1575 వ్యాసములను గ్రీసుదేశమున కైజాస్ మొదలగువారు పరిశీలించి 2007లో ప్రకటించిరి. నూటికి తొంబదికి మించినవి ఫలము గలదనియే చాటినవి. మా బడిలో నే తరగతియు నట్లు కృతార్థము గాలేదు! ఫలింపనివి పెట్టెలలో నుండిపోయినవి కాబోలు. మఱియు, ఎంత అంకము దాటిన హెచ్చనవలయునో ఫలితములు చూచిన పిమ్మట నిర్ణయించువారు గలరు. కుమారుని మార్కులు చూచి ఉత్తీర్ణతాంకము నేర్పఱచుట యిట్టిదే.

ఈ దోషమును మాన్పుటకు 2000లో డెన్మార్కున నైబోర్గునందు విద్వాంసులు సమావేశమైరి. దాని ఫలముగా 2005లో రిమార్కు అను 20 అంశముల పట్టిక వెలువడినది. ఎందఱు రోగులతో నారంభించిరి, ఎందఱు తొలగిరి, నమూనాల నెట్లు భద్రపఱచిరి, అంకము నెట్లు నిర్ణయించిరి – అన్నియు వ్రాయవలయును. 2012లో దానికి భాష్యమువంటి వివరణము గూడ వచ్చినది.

కావున మన నిధి గ్రహించు విద్యార్థి తన సంకల్పమును ముందే వ్రాసి యీయవలయును. ఫలించినను ఫలింపకున్నను ఆ పట్టిక ననుసరించి ప్రకటింపవలయును. దాతలు ఫలింపని వ్యాసమును జూచి ధనము వ్యర్థమైనదని కినుక వహింపరాదు. ఈ షరతును నిధి నియమావళియందు జేర్చుటకు కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాము.