అన్హుయి రాష్ట్రములో వాన్ లీ

చైనా రాజకీయములను గూర్చి మనము వినునది చాలవఱకు బీజింగు నగరపు మాటయే. రాష్ట్రముల మాట మనవఱకు వచ్చుట అరుదు. కాని ఆ దేశమున పలు రాష్ట్రములు ఐరోపాలోని రాజ్యములంత పెద్దవి. రాష్ట్రమునకు గవర్నరు ఉన్నను అసలు పెత్తనము కమ్యూనిస్టు పార్టీ రాష్ట్రసంఘ కార్యదర్శిది. బీజింగు ఆజ్ఞ పొలమునకు చేరవలెనన్నను, పొలములోని కష్టము బీజింగునకు తెలియవలెనన్నను ఆయన బల్ల మీదుగనే పోవలెను. అట్టి స్థానమున 1977 మొదలు 1980 వఱకు అన్హుయి రాష్ట్రములో ఉండిన వాన్ లీని గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిమి.

అంతకు ముందు అదే పీఠము నధిష్ఠించిన జెంగ్ షీషెంగ్ మాట కొంత చెప్పక తప్పదు. యుద్ధకాలమున ఎఱ్ఱసైన్యపు రేడియో గూఢచర్య శాఖను నడిపినవాడీయన. శత్రువులు గాలిలో పంపుకొను రహస్యలిపిని విప్పి చదువుటలో దిట్ట. రేడియో శ్రోతలకు ఈ సంగతి ఆసక్తికరముగ నుండునని చెప్పుచున్నాము. 1958లో గొప్ప ముందడుగు అను ఉద్యమము వచ్చినప్పుడు, పంటల లెక్కలు పెంచి చూపుటలోను, ఆ పెంచిన లెక్క ప్రకారము రైతునుండి ధాన్యము లాగుటలోను అన్హుయి ముందు నిలిచెను. ఫలితము ఘోరమైన కఱవు. 1960లో ఆ రాష్ట్రమున వేయిమందికి 68 మందికి పైగా మరణించిరని చైనా ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి.

ఇంత జరిగిన తరువాత 1961లో జెంగ్ షీషెంగే దారి మార్చెను. సమష్టి భూమిని కుటుంబములవారీగా అప్పగించి, పంటకు ఆ కుటుంబమునే బాధ్యులుగా చేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. రైతులు వానిని ప్రాణము నిలిపిన పొలములని చెప్పుకొనిరి. ఆ యేడు ముగియునప్పటికి రాష్ట్రమున నూటికి ఎనుబదికి పైగా ఉత్పత్తి దళములు ఈ పద్ధతిలోనికి వచ్చినవి. 1962 ఆరంభమున బీజింగులో ఏడువేలమంది పార్టీ ఉద్యోగుల మహాసభ జరిగెను. దానితో ఆయన పదవి పోయినది; పొలములు మరల సమష్టిలో కలిసినవి. అందుచేత పదునైదేండ్లకు ఆ పీఠమెక్కిన వానికి, ఏ పని చేసిన రైతు బ్రదుకునో, ఏ పని చేసిన పదవి పోవునో ముందే తెలిసియుండును. ఆ రెండును ఒకే పని.

వాన్ లీ 1916లో షాన్‌డాంగ్ రాష్ట్రమున పుట్టెను. ఉపాధ్యాయ శిక్షణ పొందిన పిదప 1936లో పార్టీలో చేరెను. బీజింగు ఉపనగరాధ్యక్షుడుగా, తియానన్మెన్ చెంతనున్న మహాసభా భవనమును సుమారు పది నెలలలో కట్టించిన పనికి పెద్దగా నిలిచెను. సాంస్కృతిక విప్లవమున కష్టములు పడెను. 1975లో రైల్వే మంత్రియై, ఆగిపోయిన బండ్లను కదలించెను. మరుసటి యేడు డెంగ్ షియావోపింగ్ పతనముతో ఈయన పదవియు ఊడెను. 1977 జూనులో అన్హుయికి వచ్చునప్పటికి ఈయన పట్టణములలో పనిచేసిన మనిషియే గాని సేద్యమెఱిగినవాడు కాడు.

తెలియని సంగతి తెలియదని గ్రహించుట అధికారులలో అంత సులభముగా కనబడు గుణము కాదు. వాన్ లీ తొలి నెలలను చాలవఱకు గ్రామములలో గడపెను. ముందుగా కబురు పంపడు, పరివారము ఉండదు, చిన్న కారులో పోయి తోచిన చోట దిగును. దాబియె కొండలలోని జిన్‌జాయ్ తాలూకాలో జరిగినదని ఒక ఉదంతమును పలువురు వ్రాసియున్నారు. చలికాలము. ఒక గుడిసెలో ముసలివాడు పొయ్యి ముందు కూర్చుండెను. రాష్ట్రపు పెద్ద వచ్చినాడన్నను లేవలేదు. మరల చెప్పగా లేచినాడు. నడుమునకు క్రింద గుడ్డ లేదు. విముక్తి జరిగి అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు.

రాష్ట్రమున 2,80,000కు పైగా ఉత్పత్తి దళములుండగా, తిండికి బట్టకు లోటులేనివి నూటికి పది మాత్రమే యని వాన్ లీ తరువాత చెప్పెను. నూటికి అఱువదియేడు దళములలో తలసరి యేడాది ఆదాయము అఱువది యువానులకు లోపల.

1977 నవంబరులో రాష్ట్రసంఘము ఆఱు అంశముల పత్రమును వెలువరించెను. ఏ పంట వేయవలెనో నిర్ణయించుటలో ఉత్పత్తి దళమునకు స్వేచ్ఛ యుండవలెననియు, రైతు పెరటి సాగును కుటుంబపు చిల్లర వ్యాపకములను ఆటంకపఱపరాదనియు అందులోని ముఖ్య విషయములు. 1978లో అనావృష్టి వచ్చెను. గోధుమ విత్తుటకు నేల గట్టిపడి సమష్టికి సాధ్యము గాకపోగా, మనిషికి మూడు ఫెన్‌ల నేల, అనగా మన లెక్కకు ఐదు సెంట్లు, రైతులకు 'బదులు'గా ఇచ్చిరి. ఇచ్చినది బదులే గాని పంచుట కాదు! మాటలో ఈ జాగ్రత్త చూడుడు. ఫెయ్‌షీ తాలూకా షాన్నాన్ ప్రాంతమున రైతులు ఈ సందును ఆధారము చేసికొని సేద్యమంతయు కుటుంబములకు అప్పగించుకొనిరి.

ఆ డిసెంబరులో కేంద్రసంఘపు ముసాయిదా పత్రము కుటుంబములకు పంట నప్పగించు పద్ధతిని స్పష్టముగ నిషేధించియుండెను. 1979 ఫిబ్రవరిలో షాన్నాన్ సంగతి రాష్ట్రసంఘము ముందుకు రాగా వాన్ లీ దానిని ప్రయోగముగా సాగనిచ్చెను. పత్రికల కెక్కింపరాదు, ప్రచారము చేయరాదు, ఇతర చోట్లకు వ్యాపింపజేయరాదు అని కట్టడి. ధైర్యమనగా రొమ్ము విఱుచుకొని నిలుచుటయే యని తలచువారికి ఇది పిఱికితనముగ తోపవచ్చును. మాకట్లు తోపలేదు. జెంగ్ షీషెంగ్‌కు జరిగినది ఎఱిగిన వాడు చేసిన పని యిది.

మార్చిలో పీపుల్స్ డైలీ మొదటి పుటలో ఈ పోకడను విమర్శించు లేఖ పడెను. తాలూకాలలో కలవరము పుట్టెను. వాన్ లీ పర్యటించుచు, పత్రిక సేద్యము చేయదు, ధాన్యము పండింపదు, కోతల తరువాత తిండి లేకున్న రైతు వచ్చునది మన యొద్దకే యని అధికారులకు నచ్చజెప్పెను.

ఫెంగ్‌యాంగ్ తాలూకా షియావోగాంగ్ గ్రామపు కథను మీలో కొందఱు వినియుందురు. మింగ్ వంశస్థాపకుని పుట్టినచోటైన ఈ తాలూకా డప్పు వాయించుచు బిచ్చమెత్తువారికి పేరొందినది. 1978 శీతకాలమున పదునెనిమిది మంది రైతులు రహస్యముగ కూడి, భూమి పంచుకొన్నామని వ్రాసికొని వ్రేలిముద్రలు వేసిరి. నాయకులు చెఱసాలకు పోయినచో వారి పిల్లలను పదునెనిమిదేండ్లు వచ్చువఱకు మిగిలినవారు పెంచవలెనని ఒప్పందము. తాలూకా కార్యదర్శి చెన్ తింగ్‌యువాన్‌కు సంగతి తెలిసినను అడ్డు తగులలేదు. 1979లో ఆ ఊర సుమారు 66 టన్నుల ధాన్యము పండెను. ఏండ్ల తరబడి సర్కారు ధాన్యము తిన్న ఊరు సర్కారుకు ధాన్యము కొలిచెను. 1980 జనవరిలో వాన్ లీ స్వయముగ ఆ ఊరికి పోయి ఇండ్లలో గింజలు చూచి వచ్చెను. చీనా భాషలో బియ్యమును 'మీ' అందురు. 'లీ'తో అది ప్రాసకు కుదిరినది గనుక, బియ్యము కావలెనన్న వాన్ లీని వెదకుమని జనము చెప్పుకొన నారంభించిరి.

ఈ పద్ధతిని కనిపెట్టినది వాన్ లీ కాదు. రైతులకు అది 1961నాడే తెలిసినది. ఆయన చేసినది, వారికి అడ్డు రాకుండుట, క్రింది ఉద్యోగి భయమును తన మీద వేసికొనుట.

1980లో ఆయన ఉపప్రధానియై బీజింగు చేరెను. ఆ సెప్టెంబరులో రాష్ట్ర కార్యదర్శుల సమావేశమున వాదము ముదిరినది. విశాలమైన పొలములు, యంత్రములు గల హైలోంగ్‌జియాంగ్ కార్యదర్శి యాంగ్ యీచెన్ వ్యతిరేకించెను. బీద రాష్ట్రమగు గ్వేజో కార్యదర్శి చీ బిచింగ్, మీ రాజమార్గమున మీరు పొండు, మా ఒంటిదుంగ వంతెన మీద మేము పోదుము అనెను. 1982 జనవరి నాటి కేంద్ర పత్రము కుటుంబ సేద్యమును అంగీకరించెను. కొలది యేండ్లలో కమ్యూనులు లేకుండపోయెను.

తరువాతి వాన్ లీని గూర్చియు చెప్పవలెను. 1988లో జాతీయ ప్రజాసభ స్థాయీసంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1989 మే నెలలో బీజింగు వీథులు విద్యార్థులతో నిండియున్నప్పుడు ఈయన కెనడా, అమెరికాల పర్యటనలో ఉండెను. ఈయన వచ్చి సభను పిలిచి సైనిక శాసనమును ఆపునని పలువురు ఎదురుచూచిరి. షాంఘైలో దిగి, సైనిక శాసనమును సమర్థించు ప్రకటన చేసెను. అన్హుయిలో తాలూకా ఉద్యోగి కొఱకు తీసికొన్న బరువును ఇక్కడ తీసికొనలేదు. పైవారి మాటకును క్రిందివారి కష్టమునకును నడుమ షాన్నాన్‌లో ఆయనకు దొరికిన సందు షాంఘైలో ఉండెనో లేదో మేము తేల్చలేము. 1993లో పదవి విడిచి, టెన్నిసు, బ్రిడ్జి ఆటలతో ప్రొద్దు పుచ్చుచు, 2015 జూలై 15న తొంబదియెనిమిదేండ్ల వయసున మరణించెను.