ఇంటి బల్ల మీద స్పిట్‌ఫైర్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవాళ్ళు వైద్యం గురించి చెప్పారు, వ్యవసాయం గురించి చెప్పారు. నాకు ఇచ్చిన అంశం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాతకాలపు యుద్ధవిమానాలు నడపడం. మన కార్యదర్శి గారు ఆహ్వానపత్రంలో దీన్ని "వినూత్న అభిరుచి" అని గౌరవంగా రాశారు. మా ఇంట్లో దీనికి వేరే పేరుంది. అది సావనీరులో అచ్చు వేయదగ్గది కాదు.

ముందే ఒక మాట. నేను నిజం విమానం నడిపినవాణ్ణి కాను. నా సామగ్రి అంతా ఒక కంప్యూటరు, కుడిచేతికి ఒక జాయ్‌స్టిక్, ఎడమచేతికి థ్రాటిల్, కాళ్ళ కింద రెండు పెడల్స్. అంతే. ఈ ఆటలో మన చేతికి అందేది ఏమిటి, ఎప్పటికీ అందనిది ఏమిటి అన్న రెండు విషయాలే ఇవాళ చెప్పదలచుకున్నాను.

సిమ్యులేటర్ అనగానే పిల్లల ఆటవస్తువు అనుకుంటాం. దాని పుట్టుక తెలిస్తే అలా అనలేం. అమెరికాలో బింగామ్టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌కు గాలి తిత్తులుంటాయి, మన హార్మోనియం తిత్తుల్లాంటివే. వాటి మీద ఒక చిన్న విమానం డొల్లను నిలబెట్టి, లోపల కూర్చున్నవాడు కర్ర కదిపితే అటూ ఇటూ వాలేలా 1929లో లింక్ ఒక యంత్రం చేశాడు. మొదట్లో దాన్ని ఎక్కువగా వినోదశాలల వాళ్ళే కొన్నారు. 1934లో అమెరికా సైన్యానికి టపా విమానాలు నడిపే పని అప్పగించారు. మబ్బుల్లో, మంచులో దారి తెలియక కొద్ది వారాల్లోనే చాలామంది పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు లింక్ యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మిత్రదేశాల కుర్రాళ్ళు ఆ డబ్బాలో కూర్చున్నాకే మబ్బుల్లోకి వెళ్ళేవారు. హార్మోనియం తిత్తి మనుషుల ప్రాణాలు కాపాడిందన్నమాట.

ఆ డబ్బా ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చింది. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 2001లో రష్యా వాళ్ళు చేసిన ఐఎల్-2 స్టుర్మోవిక్, 2011లో క్లిఫ్స్ ఆఫ్ డోవర్, ఇలా ఒక్కొక్కటిగా వచ్చాయి. కొత్తవాటిలో విమానం బొమ్మలా ఎగరదు. ఇంజను వేడెక్కుతుంది, నూనె చల్లగా ఉంటే మొరాయిస్తుంది, రెక్క మీద గాలి విడిపోతే రాయిలా పడుతుంది.

ఉదాహరణకు స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. రెజినాల్డ్ మిచెల్ రూపకల్పన చేసిన ఈ విమానం 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. ఆ తర్వాత అన్ని రకాలూ కలిపి 20 వేలకు పైగా తయారయ్యాయి. మొదటి రకంలో ఉన్నది 27 లీటర్ల మెర్లిన్ ఇంజను, సుమారు వెయ్యి గుర్రాల శక్తి. సినిమాలో చూస్తే ఎంత అందంగా ఉంటుందో! నేల మీద మాత్రం దాన్ని భరించడం కష్టం.

మొదటి కష్టం, ముందేముందో కనబడదు. తోకచక్రం మీద కూర్చుంటుంది కాబట్టి పొడుగాటి ముక్కు ఆకాశం వైపు లేచి దారిని మూసేస్తుంది. అందుకని పాములా వంకర్లు తిప్పుతూ, ఒకసారి ఎడమపక్క నుంచి, ఒకసారి కుడిపక్క నుంచి తొంగి చూస్తూ నడపాలి. రెండో కష్టం, రేడియేటరు కుడి రెక్క కింద ఉంటుంది. చక్రాలు దించి ఉన్నప్పుడు కుడికాలు దానికి అడ్డం. నేల మీద గాలి సరిగా తగలక నీళ్ళు మరిగిపోతాయి. కాబట్టి ఇంజను ఆన్ చేశాక తాపీగా కూర్చోవడానికి లేదు. ఉష్ణోగ్రత ముల్లును ఒక కంట చూస్తూ గబగబా రన్‌వే చేరాలి.

అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. థ్రాటిల్ ముందుకు తోయగానే విమానం ఎడమవైపు లాగేస్తుంది. కొత్తవాళ్ళెవరైనా ఎడమపక్కనున్న గడ్డిలోకి వెళ్ళిపోవాల్సిందే. ఎందుకలా? పైలటు కూర్చున్న చోటి నుంచి చూస్తే ప్రొపెల్లరు గడియారం ముల్లులా తిరుగుతుంది. చర్యకు ప్రతిచర్య ఉంటుంది కదా. విమానం శరీరం ఎదురువైపు ఒరిగి ఎడమచక్రం మీద బరువు పడుతుంది. పైగా ప్రొపెల్లరు తోసిన గాలి సుడులు తిరుగుతూ వెళ్ళి తోకను ఎడమపక్క నుంచి కొడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకి. కుడి పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఎనిమిదో తరగతిలో న్యూటన్ మూడో సూత్రం అప్పజెప్పడానికి మనకు నోరు చాలు. ఇక్కడ కాలు అప్పజెప్పాలి.

ఇంకో తమాషా వినండి. తర్వాతి కాలపు స్పిట్‌ఫైర్లలో గ్రిఫన్ అనే పెద్ద ఇంజను పెట్టారు. అది ఎదురు దిశలో తిరుగుతుంది. కుడికాలికి అలవాటుపడ్డ పైలట్లందరూ ఎడమకాలు నేర్చుకోవలసి వచ్చింది. మన భారత వైమానిక దళం కూడా ఆ గ్రిఫన్ రకం స్పిట్‌ఫైర్లను నడిపింది.

ఇప్పుడు ఆడపిల్లలు ప్రత్యేకంగా వినవలసిన కథ. 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్, హరికేన్ ఒకవైపు, జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 మరోవైపు. మెసర్‌ష్మిట్ పైలటుకు ఒక ఉపాయం తెలుసు. వెనక ఎవరైనా తరుముతుంటే కర్రను ముందుకు తోసి ఒక్కసారి కిందికి దూకేస్తాడు. వెంటాడే స్పిట్‌ఫైర్ కూడా అలాగే దూకితే దాని ఇంజను దగ్గి ఆగిపోతుంది. క్లిఫ్స్ ఆఫ్ డోవర్‌లో మీరు దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. కర్ర ముందుకు తోయండి, ఇంజను గుటుక్కుమంటుంది, నల్లటి పొగ వస్తుంది, ఎదుటివాడు కనుమరుగవుతాడు.

కారణం కార్బ్యురేటర్‌లో ఉంది. బస్సు స్పీడ్‌బ్రేకర్ దాటేటప్పుడు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళం పైకి ఎగురుతాం కదా. విమానం ముక్కు ఒక్కసారి వంచితే కార్బ్యురేటర్‌లోని పెట్రోలుకూ అదే గతి. అది గిన్నె పైభాగానికి ఎగిరిపోతుంది. ముందు క్షణం ఇంజనుకు పెట్రోలు అందదు. మరుక్షణం లోపలి తేలుడు బుడ్డి తలకిందులుగా పనిచేసి, పంపు నుంచి పెట్రోలు వరదలా వచ్చి ఇంజను మునిగిపోతుంది. జర్మన్ ఇంజనులో పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉంది కాబట్టి దానికీ బాధ లేదు.

దీన్ని సరిదిద్దినది ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేస్తున్న బియట్రిస్ షిల్లింగ్. 1909లో పుట్టింది. మాంచెస్టర్‌లో ఇంజనీరింగు చదివింది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటార్‌సైకిలును గంటకు నూరు మైళ్ళు దాటించి బంగారు నక్షత్రం అందుకున్న మనిషి. ఆమె ఇంజను మార్చలేదు, కార్బ్యురేటర్ మార్చలేదు. ఇంజనుకు గరిష్ఠంగా ఎంత పెట్రోలు కావాలో లెక్కకట్టి, సరిగ్గా అంతే వెళ్ళేలా మధ్యలో రంధ్రం ఉన్న ఒక చిన్న ఇత్తడి ముక్కను పెట్రోలు దారిలో పెట్టింది. వరద ఆగింది. 1941 తొలి నెలల్లో చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి, విమానాలను పనిలోంచి తీయకుండానే దాన్ని బిగించారు. పూర్తి పరిష్కారం కాదది. పెట్రోలు పైకి ఎగిరే మొదటి క్షణపు తడబాటు పూర్తిగా పోలేదు. కానీ కొత్తరకం కార్బ్యురేటర్లు వచ్చేదాకా అదే పని నడిపింది. పెద్ద సమస్యకు ప్రతిసారీ పెద్ద యంత్రమే అక్కర్లేదని ఆ బిళ్ళ చెబుతుంది. లెక్క వచ్చిన మనిషి కావాలి.

సిమ్యులేటర్లో విమానంతో పాటు దాని దళాన్ని కూడా ఎంచుకోవచ్చు. 1940నాటి బ్రిటిష్ దళాల జాబితా తిరగేస్తుంటే 152వ స్క్వాడ్రన్ పక్కన కుండలీకరణాల్లో హైదరాబాద్ అని ఉంటుంది. 253వ స్క్వాడ్రన్ పక్కన హైదరాబాద్ స్టేట్ అని ఉంటుంది. నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా పెట్టిన పేర్లవి. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు కూడా ఇలాగే హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ దళం స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి పోరాడింది. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. 253వ దళం హరికేన్లు నడిపింది. విరాళం నిజాం పేరుతో వెళ్ళింది, సరే. ఆ ఖజానా నిండింది మాత్రం తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతుల శిస్తుతో. చార్మినారు ఎక్కడుందో తెలియని కుర్రాళ్ళు ఆ తలపాగా గుర్తు కింద ఇంగ్లీషు చానల్ మీద ఎగిరారు. వాళ్ళ విమానాల సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలిసి ఉంటుంది? ఇది చరిత్ర మాస్టార్లు పిల్లలకు చెప్పవలసిన పాఠమని నా మనవి.

ఇంతవరకూ చేతికి అందే సంగతులు చెప్పాను. ఇక అందనివి.

మొదటి రకం స్పిట్‌ఫైర్‌లో ఎనిమిది తుపాకులుంటాయి. తూటాలన్నీ కలిపి సుమారు పదిహేను సెకన్లకు సరిపోతాయి. నేను ఇప్పుడు ఒక దీర్ఘం తీసి దగ్గేలోగా అయిపోతాయి. సిమ్యులేటర్లో తూటాలైపోతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రెక్క విరిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మంటలంటుకుంటే లేచి వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. నిజం విమానంలో పైలటు ముఖానికి ఎదురుగా, డాష్‌బోర్డు వెనకాల, పెట్రోలు ట్యాంకు ఉండేది. గట్టిగా మలుపు తిప్పితే రక్తం కాళ్ళలోకి దిగి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. నా తెర కూడా నల్లబడుతుంది. కానీ నా మెడ మీద బరువు పడదు, నా గుండె ఆగబోయినట్టు ఉండదు. భయాన్ని ఏ సాఫ్ట్‌వేరూ లెక్కకట్టలేదు.

1940 జూలై 10 నుంచి అక్టోబరు 31 వరకు సాగిన ఆ పోరులో బ్రిటన్ తరఫున దాదాపు మూడు వేలమంది వైమానికులు పాల్గొన్నారు. వారిలో 544 మంది ఆ పోరు ముగిసేలోగానే చనిపోయారు. ఎక్కువమంది ఇరవై ఏళ్ళ అటూ ఇటూ వయసువాళ్ళు. అంటే మన బడి నుంచి వెళ్ళి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్లల వయసు. జర్మన్ల వైపు పోయిన వైమానికులు అంతకంటే చాలా ఎక్కువ. వాళ్ళూ ఆ ఈడువాళ్ళే. వాళ్ళకీ తల్లులున్నారు. గురి చూసి కొట్టిన విమానం తెర మీద మండుతూ పడుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఆ క్షణంలో ఈ సంగతి గుర్తురాకపోతే మన ఆట మనల్ని చెడగొట్టినట్టే.

అందుకే కొందరు ఉపాధ్యాయులు, "పిల్లలకు యుద్ధం ఆటలు ఎందుకండీ?" అంటారు. వారి మాటలో న్యాయం ఉంది. దానికి జవాబుగానే ఒక ప్రతిపాదన చేస్తాను. స్వర్ణోత్సవ నిధితో మన సైన్సు ల్యాబులో ఒక మూల ఒక కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్, ఒక జత పెడల్స్ పెడదాం. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌తో పాటు టీఎఫ్-51డీ అనే విమానం ఉచితంగా వస్తుంది. అది ఆ యుద్ధకాలపు ముస్టాంగ్‌కు రెండు సీట్ల శిక్షణ రూపం. దానికి తుపాకులే లేవు. మెర్లిన్ ఇంజనే ఉంది, ఎడమవైపు లాగడమూ ఉంది, వేడెక్కడమూ ఉంది. కంప్యూటరు మాత్రం కాస్త బలమైనది కావాలి. అంత కుదరకపోతే ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, దానితో మొదలుపెట్టవచ్చు.

ఒక నియమం పెడదాం. ఎక్కిన ప్రతి పిల్లా, పిల్లవాడూ దిగాక నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి. విమానం ఎందుకు అలా ప్రవర్తించింది అన్నది ఒకటి. నిజం పైలటుకు ఉండి మనకు లేనిది ఏమిటి అన్నది రెండోది. మొదటి వాక్యాన్ని సైన్సు మాస్టారు దిద్దుతారు. రెండోదాన్ని సోషల్ మాస్టారు, తెలుగు మాస్టారు కూర్చుని దిద్దాలి. దాన్ని దిద్దడమే కష్టం.

కంప్యూటరుకు, పెడల్స్‌కు నా వంతు నేనిస్తాను. వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చుంటాను కూడా. నాతో పాటు రాదలచినవాళ్ళు సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి.