గ్రామర్ పోయినా శబ్దం పోలేదు: అమెరికాలో 'నో సాబో' పిల్లలు

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్ల మందికి పైనే ఉన్నారు. అలాంటి ఇళ్లల్లో స్పానిష్ వింటూ, స్కూల్లో ఇంగ్లీష్‌తో పెరిగినవాళ్లని హెరిటేజ్ స్పీకర్స్ అంటారు. ఎగతాళిగా పెట్టిన పేరు ఇంకోటుంది, 'నో సాబో కిడ్స్' అని. 'నాకు తెలీదు' అనాలంటే స్పానిష్‌లో 'నో సే' అనాలి. వీళ్లు మామూలు రూల్ వాడేసి 'నో సాబో' అంటారు. అంతే, చుట్టాలు నవ్వుతారు. మళ్లీ ఆ పిల్లాడు నోరు తెరవడు.

సరే, గ్రామర్ కాసేపు పక్కనపెట్టి వాళ్ల శబ్దం వినండి.

మనం 'టాకో' అని రాస్తాం గానీ, స్పానిష్‌లో అది 'తాకో'. అచ్చం మన 'త'నే. నాలుక పళ్లకి తగులుతుంది, గాలి బయటికి కొట్టదు. నోటి ముందు చెయ్యి పెట్టుకుని అమెరికన్ స్టైల్లో 'టాప్' అనండి, తర్వాత 'తాత' అనండి. తేడా చేతికే తెలిసిపోతుంది! ఇంగ్లీష్‌తో పెరిగి, పెద్దయ్యాక స్పానిష్ నేర్చుకునేవాళ్లకి ఆ గాలి ఆపడం చాలా కష్టం. ఇంకోటి, రెండు అచ్చుల మధ్య వచ్చే 'బ', 'ద', 'గ' స్పానిష్‌లో మెత్తబడతాయి. 'బ' అనేటప్పుడు పెదాలు పూర్తిగా మూసుకోవు. ఇంట్లో ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చెవే పట్టేసుకుంటుంది.

2002లో 'సైకలాజికల్ సైన్స్' జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. చిన్నప్పుడు స్పానిష్ చెవిన పడినా పెద్దగా మాట్లాడకుండా పెరిగి, కాలేజీలో మళ్లీ మొదలుపెట్టినవాళ్లని, అసలు కొత్తగా నేర్చుకునేవాళ్లతో పోల్చారు. గ్రామర్‌లో పెద్ద తేడా లేదు. ఉచ్చారణలో మాత్రం చిన్నప్పుడు విన్నవాళ్లే ముందున్నారు. ఇందాక చెప్పిన గాలి, మెత్తబడటం రెండూ కొలిచి మరీ చెప్పారు.

అందుకే ఆ చుట్టాల నవ్వు మామూలు విషయం కాదంటాను. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఇంట్లో స్పానిష్ మానేస్తే, వాడి పిల్లల చెవిన పడటానికి కూడా ఏమీ ఉండదు కదా.

అలాగని అన్నీ పర్ఫెక్ట్‌గా పలుకుతారని కాదు. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఆ 'ర్ర' దగ్గర కొందరి నాలుక ఒక్కసారే కొట్టుకుంటుంది. అయినా కాస్త సాగదీసి తేడా నిలబెట్టుకుంటారు.

సింగర్ సెలీనా తెలుసా? టెక్సాస్‌లో ఇంగ్లీష్‌తో పెరిగింది. మొదట్లో స్పానిష్ పాటల్ని శబ్దం పట్టుకునే పాడింది, భాష తర్వాత నేర్చుకుంది. 1994లో గ్రామీ కొట్టింది.

అమెరికాలో పెరిగిన కజిన్స్ మీకుంటే, ఒకసారి 'తాత' అనమనండి. గాలి వచ్చిందో లేదో కామెంట్లో రాయండి.