సంఘం డబ్బు, లీడరు మాట

(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు దిద్దారు. అక్షరాలతోపాటు ఆలోచనా పెరిగింది. అందరూ ఒక్కటై ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఆ జిల్లా ఆడవాళ్ళే తర్వాత పొదుపు మొదలుపెట్టారు. రోజుకొక రూపాయి. నెలకు 30 రూపాయలు. ఆ సంఘాలకు 'పొదుపు లక్ష్మి' అని పేరు. క్రమంగా అన్ని జిల్లాల్లోనూ పొదుపు సంఘాలు వచ్చాయి.

సంఘం అన్నాక లీడరు ఉంటుంది. లీడరు ఎలా ఉండాలి? బాగా మాట్లాడాలా? ఆఫీసుల్లో భయపడకుండా నిలబడాలా? అవీ కావాలి. కాని అన్నిటికన్నా ముందు కావలసింది ఒకటుంది. అడిగితే లెక్క చెప్పే గుణం.

ఒక సంఘం ఉందనుకుందాం. అందులో 12 మంది. తలా 100 రూపాయలు వేసుకుంటారు. నెలకు 1,200 అవుతుంది. ఆ డబ్బు లీడరు తీసుకెళ్ళి బ్యాంకులో కట్టాలి.

ఒక నెల లీడరు కూతురికి జ్వరం వచ్చింది. చేతిలో పైసా లేదు. సంఘం డబ్బు మాత్రం కొంగున ఉంది. "ఇందులోంచి వాడుకుందాం. కూలి డబ్బులు రాగానే కట్టేద్దాం" అనుకుంది. 500 తీసింది. బ్యాంకులో 700 కట్టింది. కూలి డబ్బులేమో అనుకున్న రోజుకు రాలేదు.

ఆమె దొంగా? బిడ్డ కోసమే గదా తీసింది! కాని ఆ డబ్బు 12 మందిది. అడిగితే ఇచ్చేవాళ్ళే. ఆమె అడగలేదు. తప్పు అక్కడుంది.

మళ్ళీ సంఘం కూర్చుంది. కొత్తగా చదువు నేర్చిన ఒకామె పాసుపుస్తకం తీసుకుంది. అంకెల కింద వేలు పెట్టి చదివింది.

"అక్కా, మనం ఇచ్చింది 1,200 గదా! ఇందులో 700 అని ఉందేమిటి?"

అందరూ గమ్మున ఉండిపోయారు. "నన్నే అడుగుతావా? మీకోసం ఇంత తిరుగుతున్నానే!" అని లీడరు లేచిపోవచ్చు. లేచిపోతే ఆ రోజుతో సంఘం చీలిపోయేది.

ఆమె లేవలేదు. కాసేపు తల వంచుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. "మిమ్మల్ని అడగాల్సింది. తప్పయింది" అంది. ఆ 500 తన పేరున అప్పుగా రాయించింది. నూటికి నెలకు రూపాయి వడ్డీ. అంటే నెలకు 5 రూపాయలు. అందరికీ వేసే జరిమానా తనకూ వేయించుకుంది.

అడిగినామె కూడా మంచి పని చేసింది. ఆ సంగతి బావి దగ్గర చెప్పుకోలేదు. వీధిలో రచ్చ చెయ్యలేదు. సంఘంలోనే, మొహం ముందే అడిగింది. తర్వాత "పాపకు ఎలా ఉంది?" అని కూడా అడిగింది.

ఆ రోజే వాళ్ళు కొన్ని మాటలు అనుకున్నారు.

డబ్బు అందరి ముందూ లెక్కపెట్టాలి.

బ్యాంకుకు ఇద్దరు వెళ్ళాలి.

సంఘం కూర్చున్నప్పుడల్లా లెక్క పైకి చదవాలి.

లీడరు చుట్టాలు అప్పు అడిగితే, ఇవ్వాలా వద్దా అన్నది మిగతావాళ్ళు తేల్చాలి.

లీడరు పని వంతులవారీగా అందరూ చెయ్యాలి.

ఇవి చిన్న మాటలు కావు. సంఘానికి అప్పు ఇచ్చేముందు బ్యాంకు వాళ్ళు పొదుపు చూస్తారు. వాయిదాలు సరిగా కట్టారా అని చూస్తారు. పుస్తకాలు చూస్తారు. లెక్క తప్పితే ఒక్క లీడరే కాదు, 12 మందీ నష్టపోతారు. గేదె కొనాలనుకున్న ఆమె ఆగిపోతుంది. బిడ్డ ఫీజు కట్టాల్సిన ఆమె మళ్ళీ వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది.

అక్కలారా! లీడరును మంచిగా ఉంచే బాధ్యత మనది కూడా. ఈసారి సంఘం కూర్చున్నప్పుడు పాసుపుస్తకం అడగండి. వేలు పెట్టి చదవండి. లీడరు నొచ్చుకుంటే ఇలా చెప్పండి:

"అక్కా, నీమీద అనుమానంతో కాదు. ఇది మనందరి డబ్బు. చదవడం మాకూ వచ్చింది."