గీత దాటిన మడమ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. డి.ఏ. బకాయిల సంగతి చెప్పడానికి కార్యదర్శిగారున్నారు. నేను జీవితమంతా ఈల ఊదిన డ్రిల్లు మాస్టారిని. కనుక కబడ్డీ గురించే చెబుతాను.

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన మన తరం సాయంత్రమైతే మట్టిలో గీత గీసుకుని చెడుగుడు ఆడినదే. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో ఆ ఆటకే మన దేశానికి స్వర్ణ పతకం వచ్చింది. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మనవళ్ళు టీవీ ముందు కూర్చుని, "తాతా, అదెందుకు ఔటు?" అని అడుగుతున్నారు. చాలామందికి చిక్కుగా తోచే రెండు నిబంధనలు చెబుతాను.

మొదటిది మార్పిడి. జట్టుకు పన్నెండు మంది. బరిలో ఏడుగురు, బయట ఐదుగురు. విరామంలోగాని, టైమ్ అవుట్‌లోగాని, రిఫరీ అనుమతితో బయటివారిని దింపవచ్చు. బయటకు వచ్చినవాడు తిరిగి దిగవచ్చు కూడా. అయితే ఔటయినవాడి బదులు మరొకరిని పంపడానికి వీల్లేదు. ఎదుటివాడు ఔటయితేనే వీడు లేవాలి. క్రమశిక్షణ తప్పి వెలికి వెళ్ళినవాడి స్థానంలోనూ ఎవరూ రారు. ఆ జట్టు తక్కువ మందితోనే ఆడాలి. ఊరి పోటీల్లో పెద్దమనుషులు, "మావాడు బలంగా ఉన్నాడు, దింపండి మాస్టారూ" అని ఎన్నిసార్లు బతిమాలారో!

రెండవది మధ్యగీత. కూతకు వచ్చినవాడు క్షేమంగా తిరిగి వెళ్ళేవరకు, పట్టేవాళ్ళలో ఎవరి కాలైనా, చెయ్యైనా గీతకవతల నేలను తాకితే ఆ తాకినవాడే ఔటు. వాడి పట్టు చెల్లదు. కూతకు వచ్చినవాడు ఔటు కాడు.

ఈ రెండవ నిబంధన దగ్గరే నేను తప్పు చేశాను. 1988 సంక్రాంతి. గిద్దలూరు వైపు ఒక ఊళ్ళో ఫైనల్. పాయింట్లు సమానం, ఆఖరి కూత. బయటి ఊరి కుర్రవాడు తిరిగి వెళ్తుండగా ఆ ఊరివాడు కాలు పట్టాడు. పట్టినవాడి మడమ గీతకవతల పడింది. నేను గీత మీదే నిలబడి ఉన్నాను, కళ్ళారా చూశాను. అయినా కూతవాడు ఔటని చెయ్యెత్తాను. ఎదుటి అంపైరు, కుర్ర మాస్టారు, కాదన్నాడు. ఇద్దరికీ భేదం వస్తే తీర్పు రిఫరీది. ఆయన నన్నడిగారు. "మడమ దాటలేదు" అన్నాను. ఆ ఊరే గెలిచింది.

ఎందుకన్నానంటారా? మధ్యాహ్నం వాళ్ళింటి భోజనం చేశాను. చివరి బస్సు వెళ్ళిపోయింది. రాత్రికి ఆ ఊళ్ళోనే పడుకోవాలి. జనం చుట్టూ నిలబడి అరుస్తున్నారు.

ఆ కుర్రవాడు చెరిగిన సున్నపు గీతను చూశాడు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారం నన్ను నిద్రపోనివ్వలేదు.

తెల్లవారి బస్సు దగ్గర కుర్ర మాస్టారికి నిజం చెప్పాను. "నాకెందుకు సార్? ఆ పిల్లవాడికి చెప్పండి" అన్నాడు.

మరుసటి ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళాను. పలకల గని దగ్గర రాయి మోస్తున్నాడు. చెప్పాను. "తెలుసు సార్, మడమ నా చెయ్యి పక్కనే పడింది" అన్నాడు. తట్ట దించి, "వచ్చే ఏడు కూడా మీరే రండి" అన్నాడు.

వెళ్ళాను. అప్పటినుంచి ఆటకు ముందే ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి ఈ రెండు నిబంధనలూ వినిపించేవాణ్ణి. ఏ ఊళ్ళోనూ ఎవరింటా భోజనం చేయలేదు. రిటైరయ్యేవరకు టిఫిన్ క్యారియర్ మోశాను. కట్టి ఇచ్చిన మా ఆవిడ ఇక్కడే కూర్చుని ఉంది, కావలిస్తే అడగండి.

సోదరులారా! రేపు మీ వీధిలో పిల్లలు తగువు తెచ్చి, "తాతా, నువ్వు చెప్పు" అంటారు. అందులో మీ మనవడు కూడా ఉంటాడు. అప్పుడు మడమ ఎక్కడ పడిందో అది మాత్రమే చెప్పండి.