లాంప్ రూం లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు కంప్యూటర్లల్ల ఏం చేస్తవో మనోళ్లకు అర్థమయ్యేటట్టు ఓ పావుగంట చెప్పాలె" అన్నాడు. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా ఇదే అడుగుతోంది. "టైపింగ్ పనేనా బిడ్డా?" అంటుంది. ఈ రోజు ఆమె కూడా సభలో ఉంది కాబట్టి జాగ్రత్తగా చెప్తాను.

మీరు ఫోన్‌లో డబ్బులు పంపినా, రైలు టికెట్ కొన్నా ఎక్కడో ఒక సర్వర్‌లో ఒక ప్రోగ్రాం నడుస్తుంది. అది జావాలోనో పైథాన్‌లోనో రాసి ఉంటుంది. ఆ రాత యంత్రానికి నేరుగా అర్థం కాదు. మధ్యలో ఇంకో ప్రోగ్రాం నిలబడి దాన్ని నడిపిస్తుంది. దాని పేరు రన్‌టైమ్. అందులో నేను రెండు భాగాలు చూసుకుంటాను. ఒకటి, మెమరీని ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అనేది. రెండోది, ఒకేసారి పనిచేసే థ్రెడ్లు ఒకదాని పనిని ఒకటి చెడగొట్టకుండా చూసేది. దీన్నే సింక్రనైజేషన్ అంటారు. ఎన్టీపీసీలో చేసిన మిత్రులకు ఈ మాట తెలుసు కానీ మీ అర్థం వేరు. మీరు జనరేటర్‌ను గ్రిడ్ 50 హెర్ట్జ్‌తో కలిపాక బ్రేకర్ వేస్తారు. మా దగ్గర అందరినీ ఒకే వేగంతో నడిపించడం ఉండదు. ఎవరి వేగం వాళ్లదే, ఒక వస్తువును ముట్టుకునేటప్పుడు మాత్రం వరస తప్పకూడదు.

కొత్తగా కట్టే పని కాదు నాది. ఇరవై ఏళ్ల కింద ఎవరో రాసిన కోడ్‌ను ఆగకుండా నడిపించడం. మన బాయి భాషలో చెప్పాలంటే ఫిట్టర్ పని. ఎన్ని టన్నులు తీశారన్న లెక్కలో ఫిట్టర్ పేరు ఉండదు. పంపు ఆగిన రోజు మాత్రం అందరికీ అతనే గుర్తొస్తాడు.

మా బాపు జీడీకే గనుల్లో లాంప్ రూంలో చేసేవాడని మీలో చాలామందికి తెలుసు. షిఫ్టుకు పోయే మనిషి కిటికీ దగ్గర బిళ్ల ఇచ్చి క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగాక ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే దీపం పోయిందని కాదు అర్థం, మనిషి ఇంకా కిందనే ఉన్నాడని. మెమరీ చూసుకోవడమంటే ఇదే పని. ఈ ముక్క ఎవరి దగ్గరుంది, వాళ్లు వాడటం అయిపోయిందా, ఇంకొకరికి ఇవ్వొచ్చా?

కంప్యూటర్‌లో ఒక తేడా ఉంది. ఒకే దీపాన్ని పదిమంది కలిసి వాడుకుంటారు. అందుకని దీపం పక్కన ఒక అంకె రాసి పెట్టుకుంటాం. కొత్తవాడు వస్తే ఒకటి కలుపుతాం, ఒకడు వెళ్లిపోతే ఒకటి తీసేస్తాం, సున్నా కాగానే దీపం ఖాళీ. పైథాన్ ముఖ్యంగా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. సొసైటీ అప్పుకు జామీను సంగతి మీకు తెలుసు కదా. నాకు నువ్వు జామీను, నీకు నేను జామీను. ఇద్దరమూ ఉద్యోగం మానేసి ఊళ్లకు పోయినా కాగితం మీద ఒకరినొకరం పట్టుకునే ఉంటాం. అంకె ఎన్నటికీ సున్నా కాదు. కాబట్టి లెక్క ఒక్కటే చాలదు, అప్పుడప్పుడు వెతకాలి కూడా. వాడుకలో ఉన్నవాటి నుంచి మొదలుపెట్టి చేయి అందినంతవరకు గుర్తు పెట్టుకుంటూ పోవాలి. గుర్తు పడనివన్నీ ఖాళీ చేయాలి. జాన్ మెకార్థీ లిస్ప్ భాష కోసం ఈ పద్ధతిని కనిపెట్టి 1960 నాటి తన వ్యాసంలో రాశాడు. దాన్నే గార్బేజ్ కలెక్షన్ అంటారు. ఆ మెకార్థీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ చేసిన మన తెలుగాయన ఉన్నారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా నుంచి ఆ అవార్డు తీసుకున్న మొదటి మనిషి ఆయనే. ఆయన పని మాటల్ని గుర్తుపట్టే యంత్రాల మీద, నా పని ఆయన గురువు వదిలిపెట్టిన చెత్తబుట్ట మీద.

ఇక అసలు కష్టం. లాంప్ రూంకు రెండు కిటికీలు, ఇద్దరు మనుషులు, రిజిస్టర్ మాత్రం ఒకటే అనుకోండి. దీపం పక్కన 3 అని ఉంది. ఇద్దరూ ఒకే క్షణాన చూశారు. ఇద్దరూ మనసులో ఒకటి కలుపుకున్నారు. ఇద్దరూ 4 అని రాశారు. ఉండాల్సింది 5. ఆ రోజు ఏమీ కాదు. షిఫ్టు దిగి ఒక్కొక్కరే వస్తుంటే అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వస్తుంది, కింద ఇంకా ఒక మనిషి ఉండగానే. మనం ఆ దీపం తీసి వేరేవాడికి ఇస్తాం. కింద ఉన్నవాడి వెలుగు పోతుంది. కంప్యూటర్‌లో అయితే ప్రోగ్రాం కూలిపోతుంది, లేదా ఒకరి వివరాలు ఉండాల్సిన చోట ఇంకొకరివి కనిపిస్తాయి. కూలిపోవడమే నయం, కనీసం తెలుస్తుంది. మెమరీ వేరు, సింక్రనైజేషన్ వేరు అని కాలేజీలో రెండు పాఠాలుగా చెప్తారు. నా అనుభవంలో అవి ఒకటే పాఠం.

దీనికి మందు లాక్. రిజిస్టర్ ముట్టుకునే ముందు తాళం చెవి తీసుకోవాలి, పనైపోగానే ఇచ్చెయ్యాలి. 1960ల తొలినాళ్లలో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దీనికి సెమఫోర్ అని పేరు పెట్టాడు. రైల్వే సిగ్నల్ చెయ్యి నుంచి తీసుకున్న పేరది. సింగిల్ లైన్ మీద బొగ్గు బండ్లను చూస్తూ పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒక ముక్కలో ఒకే బండి ఉండాలి. ప్రోగ్రాం బిగుసుకుపోయిందని ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తాళం చెవి ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

పైథాన్ వాళ్లు 1990ల మొదట్లో సులువైన దారి పట్టారు. మొత్తం రన్‌టైమ్‌కు ఒకటే తాళం. గనిలో ఎంతమంది ఉన్నా చెవి ఉన్నవాడే పని చేయాలి. నవ్వకండి, ఆ రోజుల్లో యంత్రానికి ప్రాసెసర్ ఒకటే ఉండేది, అది సరైన నిర్ణయమే. తర్వాత ఒక్కో యంత్రానికి నాలుగు, ఎనిమిది, అరవై నాలుగు కోర్లు వచ్చాయి, తాళం మాత్రం ఒకటే మిగిలింది. తీసేద్దామని 1990ల్లోనే గ్రెగ్ స్టైన్ ప్రయత్నించాడు. 2016లో లారీ హేస్టింగ్స్ ప్రయత్నించాడు. తాళం తీశారు, పని చేసింది కూడా. కానీ ఒక్క థ్రెడ్‌తో నడిచే మామూలు ప్రోగ్రాం నెమ్మదించింది. ఎందుకంటే పెద్ద తాళం తీసేస్తే ప్రతి దీపం పక్కన అంకెకూ విడిగా కాపలా పెట్టాలి. ఆ ఖర్చు అందరి మీదా పడుతుంది.

చివరికి శామ్ గ్రాస్ ప్రతిపాదన 2023లో ఒప్పుకున్నారు. 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో ప్రయోగంగా, విడి కూర్పుగా ఇచ్చారు. అందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. ప్రతి వస్తువుకూ ఒక సొంత థ్రెడ్ ఉంటుంది. ఆ థ్రెడ్ తన లెక్క తన పుస్తకంలో తాళం లేకుండా రాసుకుంటుంది. బయటివాళ్లు వస్తే వాళ్ల లెక్క ఇంకో పుస్తకంలో, జాగ్రత్తగా. సొంతవాడు వదిలేసేటప్పుడు రెండు పుస్తకాలూ కలిపి చూస్తారు. చాలా వస్తువులను వాటిని పుట్టించిన థ్రెడ్డే వాడుతుంది కాబట్టి ఖర్చు తగ్గింది. మా బాపు వింటే "గింతేనా?" అనేవాడు. గింతే. దానికి ముప్పై ఏళ్లు పట్టింది.

నా సొంత పనిలోంచి ఒకటి చెప్తాను. సంస్థల పేర్లు వద్దు. ఒక ఆర్థిక సంస్థ తన సర్వర్లను పాత రకం ప్రాసెసర్ల నుంచి ఏఆర్‌ఎమ్ రకానికి మార్చుకుంది. అప్పటినుంచి పది పన్నెండు రోజులకోసారి, ఎప్పుడో తెల్లవారుజామున, మా రన్‌టైమ్ కూలిపోయేది. మా దగ్గర ఎంత ప్రయత్నించినా కూలేది కాదు. ఆ భాగం నేను ఆ కంపెనీలో చేరకముందు రాసింది, పదేళ్లకు పైగా ఒక్క ఫిర్యాదు లేదు. ప్రాసెసర్ తప్పని కొందరు, కస్టమర్ తప్పని కొందరు అన్నారు.

మా టీంలో వరంగల్ అమ్మాయి ఒకామె ఉంది, చేరి రెండేళ్లు. కూలినప్పుడు తీసిన మెమరీ ముద్రను చూస్తూ నన్ను పిలిచింది. "సార్, రిజిస్టర్‌లో సున్నా ఉంది. అది ఏ చోటు నుంచి చదివిందో అక్కడ సరైన విలువే ఉంది. రెండూ ఎట్ల నిజమైతయి?" అంది. ఆ ప్రశ్నతోనే దారి దొరికింది. చదివినప్పుడు అక్కడ సున్నానే ఉంది, విలువ తర్వాత చేరింది.

హాలేజీ దగ్గర చూసే ఉంటారు. కిందివాడు టబ్బు నింపి, ఆ తర్వాత గంట కొడతాడు. గంట వినగానే పైవాడు లాగుతాడు. గంట మోగిందంటే టబ్బు నిండిందనే నమ్మకం మీదే పని అంతా నడుస్తుంది. పాత రకం ప్రాసెసర్లలో ఒక కోర్ రాసిన వరసలోనే మిగతా కోర్లకు కనిపిస్తుంది, మొదట టబ్బు, తర్వాత గంట. ఏఆర్‌ఎమ్ ఆ మాట ఇవ్వదు. ప్రత్యేకంగా అడిగితే తప్ప, గంట ముందు వినిపించొచ్చు, టబ్బు తర్వాత నిండొచ్చు. ఇది ఆ యంత్రంలో లోపం కాదు, దాని పుస్తకంలో రాసే ఉంది. మా పాత కోడ్ మాత్రం అడగలేదు. పాత యంత్రం మీద అడగాల్సిన అవసరం పడలేదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ కనిపించలేదు.

రెండు థ్రెడ్లతో చిన్న పరీక్ష రాశాం. ఒకటి నింపి గంట కొట్టడం, ఇంకోటి విని చూడటం, కోట్ల సార్లు. రాత్రంతా పదుల యంత్రాల మీద నడిపితే తెల్లారేసరికి మూడుసార్లు ఖాళీ టబ్బు పైకొచ్చింది. మొత్తం తొమ్మిది వారాలు. దిద్దింది ఒక్క లైను: ముందు రాసినవన్నీ కనిపించాకే గంట మోగాలి అని ప్రాసెసర్‌కు చెప్పే లైను. "తొమ్మిది వారాలకు ఒక్క లైనా?" అన్నాడు మా పై అధికారి. ఆ లైను మీద పద్దెనిమిది లైన్ల వివరణ ఆ అమ్మాయి రాసింది. ఇది ఎందుకుందో, తీసేస్తే ఏమవుతుందో, ఏ యంత్రం మీద తెలియకుండా పోతుందో. నా దృష్టిలో ఆ తొమ్మిది వారాల్లో అన్నిటికంటే విలువైనవి ఆ పద్దెనిమిది లైన్లే. రేపు ఎవరో ఒకరు వేగం కోసం ఆ లైను తీసేద్దామని వస్తారు.

ఇవన్నీ ఎక్కడో ఉన్న సర్వర్ల గొడవలు అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచంలోని ఐఫోన్లను ఆటాడించింది. 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు కలిపి ఎవరైనా మెసేజ్ పంపితే, దాన్ని చూపించబోయి యాప్ కూలిపోయేది. అక్షరాన్ని తెర మీద పేర్చే కోడ్‌లో మెమరీ చెడిపోయేది. అదే నెల 19న ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. జ్ఞాపకం అనే మాటకు మొదటి అక్షరమే మెమరీని చెడగొట్టిందని మా ఆఫీసులో నేను చెప్తే తెలుగువాళ్లు ఒక్కరే నవ్వారు.

పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాస్తోంది కదా సార్, మేం ఏం చదవాలి అని. రాస్తోంది, బాగానే రాస్తోంది, నేనూ వాడుతున్నాను. రాసే మనుషుల అవసరం తగ్గవచ్చు. రాసిన గుట్ట పెరిగేకొద్దీ, ఈ తాళం ఇక్కడ ఎందుకుందో చెప్పగలిగినవాళ్ల అవసరం తగ్గుతుందని మాత్రం నేను అనుకోను. మా టీంలో ఒకరు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. ఆ చోటుకు మనిషి కోసం ఏడాదిగా వెతుకుతున్నాం. వచ్చినవాళ్లు మెయింటెనెన్స్ అనే మాట వినగానే వెనక్కి పోతున్నారు.

ఇక ఇక్కడిదాకా వచ్చాను కాబట్టి సంఘం పెద్దలకు ఒక మాట. మన బడికి ఈ సందర్భంగా ముప్పై కొత్త కంప్యూటర్లు ఇవ్వాలనుకుంటున్నారు. సంతోషం, నా వంతు నేనూ ఇచ్చాను. కానీ గతంలో మనం ఇచ్చినవి ఒక గదిలో గుడ్డ కప్పుకుని ఉన్నాయని టీచర్లు చెప్పారు. వాళ్ల తప్పేం లేదు, చూసుకునే మనిషిని మనం ఇవ్వలేదు. ఇరవై కొందాం. మిగతా సొమ్ముతో వాటిని చూసుకుంటూ పిల్లలకు విప్పి చూపించే మనిషికి కొన్నేళ్ల జీతం పక్కన పెడదాం. ఫొటోలో ముప్పై కంప్యూటర్లు బాగుంటాయి, జీతం ఫొటోలో పడదు, నాకు తెలుసు. కమిటీలో ఒప్పుకోనివాళ్లు ఉంటే భోజనాల దగ్గర నాతో వాదించండి, నేను సిద్ధం.

నేను ఇంకా నాలుగు రోజులు గోదావరిఖనిలోనే ఉంటాను. పాత కంప్యూటర్లలో సగమైనా మళ్లీ నడుస్తాయని నా అంచనా. తొమ్మిదో తరగతి పిల్లలు ఓ పదిమంది, రెండు స్క్రూడ్రైవర్లు ఉంటే చాలు. ఆ గది తాళం చెవి ఎవరి దగ్గరుందో చెబితే రేపు పొద్దున ఎనిమిదింటికల్లా వస్తాను.